గీత తిన్నగానే ఉంది, చూపే వంకర

మా గ్యారేజీలో వాటర్ హీటర్ పక్కన గొడుగులు పెట్టుకునే డబ్బా ఒకటుంది. ఇప్పుడందులో గొడుగులు లేవు, ఏడు పట్టర్లున్నాయి. మేముండేది అరిజోనాలో, ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లో. ఇక్కడ గొడుగుతో పనిబడేది ఏడాదికి నాలుగు రోజులు కాబట్టి ఆ డబ్బాలో గొడుగు లేకపోవడం సహజమే. ఏడు పట్టర్లుండటం మాత్రం సహజం కాదని మా ఆవిడ అభిప్రాయం. "ఇవన్నీ చేసేది ఒకే పని కదండీ?" అని అడిగింది ఒకసారి. అవునన్నాను. "మరి ఒక్కటీ చెయ్యట్లేదేం?" అంది. అప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడుంది, కాస్త పొడుగు జవాబు.

గోల్ఫ్ ఆడనివాళ్లకి రెండు ముక్కలు. ఆటలో చివరి ఘట్టం గ్రీన్ మీద, అంటే నున్నగా కత్తిరించిన పచ్చిక మీద, బంతిని దొర్లించి గుంతలో వెయ్యడం. ఆ దొర్లించే కర్రే పట్టర్, ఆ దెబ్బ పేరు పట్. దానికీ మన తెలుగు పట్టుకీ చుట్టరికం లేదు గానీ, పట్టు తప్పడం అంటే ఏమిటో చూపించడంలో దీన్ని మించిన వస్తువు లేదు. పట్టర్ తలకాయలు ప్రధానంగా రెండు రకాలు. సన్నగా పలకలా ఉండేది బ్లేడ్, వెనక్కి బాగా సాగి బరువుగా ఉండేది మాలెట్. ఈ తలకాయ మీదే గురి కుదరడానికి గీతలు, చుక్కలు, బిళ్లలు, బాణాలు వేస్తారు. నేను మాట్లాడబోయేది వాటి గురించే.

నేను మెకానికల్ డిజైన్ పని చేసి బతికేవాణ్ణి. కొలతలంటే ఇష్టం. అందుకని ముందు కొలతలు. గుంత వ్యాసం 4.25 అంగుళాలు. బంతి 1.68 అంగుళాలకి తగ్గకూడదు. పది అడుగుల దూరం నుంచి కొట్టినప్పుడు పట్టర్ ముఖం, అంటే బంతికి తగిలే పక్క, ఒక్క డిగ్రీ పక్కకి తిరిగి ఉంటే, గుంత దగ్గరికి చేరేసరికి బంతి 2.1 అంగుళాలు పక్కకి పోతుంది. గుంతలో సగం 2.125 అంగుళాలు. అంటే ఒక డిగ్రీ తప్పితే బంతి మధ్యభాగం సరిగ్గా గుంత అంచు మీదకొస్తుంది. చచ్చేంత నెమ్మదిగా వస్తే పడొచ్చు. కాస్త వేగముంటే అంచు నాకి బయటికి పోతుంది. వేగం పెరిగేకొద్దీ గుంత చిన్నదైపోతున్నట్టే లెక్క. నడిమధ్య నుంచి వెళ్లినా సెకనుకి సుమారు 1.6 మీటర్లు దాటితే గుంత బంతిని పట్టుకోలేదు, బంతి దాని మీంచి దూకేస్తుంది.

ఒక డిగ్రీ అంటే ఎంతో గడియారంలో చూడండి. నిమిషాల ముల్లు పది సెకన్లలో తిరిగే మేర అది. ఆ మాత్రం తేడాతో పది అడుగుల పట్ పోతుంది. అమెరికాలో ప్రొఫెషనల్ గోల్ఫర్లు ఆడే పీజీఏ టూర్ ఆటగాళ్లే ఎనిమిది అడుగుల దూరం నుంచి సగం సార్లే వేస్తారు. కొలంబియా యూనివర్సిటీ ప్రొఫెసర్ మార్క్ బ్రోడీ టూర్ లెక్కలన్నీ తవ్వి తీసిన సంగతి ఇది. టీవీలో మనకి చూపించేది పడినవే కాబట్టి వాళ్లకి అన్నీ పడతాయనుకుంటాం.

పైగా బంతి ఏ దిక్కుకి బయల్దేరుతుందన్నది చాలా భాగం ముఖం తిరిగిన దిక్కు మీదే ఆధారపడి ఉంటుంది. పట్టర్ ఊగుతూ వచ్చిన దారి ప్రభావం కొద్దిగానే. కాబట్టి ముఖాన్ని తిన్నగా పెట్టడానికి ఏదో ఒక సాయం కావాలన్న ఆలోచనలో తప్పేమీ లేదు. నూట పాతికేళ్ల నుంచి జనం బుర్రలు బద్దలుకొట్టుకుంటున్నది అందుకే.

ఈ చరిత్రలో నాకు నచ్చే ముచ్చట ఒకటుంది. న్యూయార్క్ రాష్ట్రంలో స్కెనెక్టడీ అనే ఊళ్లో జనరల్ ఎలక్ట్రిక్‌లో పనిచేసే ఆర్థర్ నైట్ అనే ఆయన 1902లో అల్యూమినియంతో ఒక పట్టర్ చేశాడు. కర్రని తలకాయ చివర్న కాకుండా మధ్య భాగంలోకి దిగేలా పెట్టాడు. దాంతో వాల్టర్ ట్రావిస్ 1904లో ఇంగ్లండ్ వెళ్లి బ్రిటిష్ అమెచ్యూర్ అనే పెద్ద పోటీ గెలుచుకొచ్చాడు. ఆ తరవాత కొన్నేళ్లకి, 1910లో, బ్రిటన్‌లో గోల్ఫ్ రూల్స్ పెట్టే ఆర్ అండ్ ఏ వాళ్లు అలాంటి పట్టర్లు చెల్లవన్నారు. అమెరికాలో మాత్రం చెల్లింది. ఓడినవాడు కర్రని తిట్టుకోవడం మన గల్లీ క్రికెట్‌లోనే కాదు, పెద్దింటి క్లబ్బుల్లోనూ ఉందన్నమాట.

1950లలో మళ్లీ అదే జనరల్ ఎలక్ట్రిక్‌లో ఇంకో ఇంజనీరు, నార్వేలో పుట్టిన కార్‌స్టెన్ సోల్‌హైమ్, పట్లు పడక విసిగిపోయి సొంతంగా పట్టర్ చేసుకున్నాడు. బంతికి తగిలినప్పుడు వచ్చే చప్పుడే దాని పేరైంది: పింగ్. 1966లో యాన్సర్ అనే డిజైన్‌ని పాత గ్రామఫోన్ రికార్డు కవరు మీద గీశాడట. పేరు పెట్టింది ఆయన భార్య లూయిస్. "ఆన్సర్" అన్న ఇంగ్లిష్ మాటలో ఒక అక్షరం తగ్గిస్తే పట్టర్ లోహం మీద చోటు సరిపోతుందని సలహా ఇచ్చింది. బరువుని రెండు కొసలకీ తోసి, మధ్యకి కాస్త పక్కన తగిలినా ముఖం తిరిగిపోకుండా చేయడం అందులో కిటుకు. ఇవాళ దుకాణంలో మీరు చూసే బ్లేడుల్లో చాలా భాగం దాని పిల్లలూ మనవలే. ఆయన పెట్టిన పింగ్ కంపెనీ ఆఫీసు మా ఇంటికి ముప్పావు గంట దూరంలో ఉంది. దాని ముందు నుంచి వెళ్లినప్పుడల్లా నాక్కొంచెం భక్తి పుడుతుంది, దాచుకోను.

గురి సాయం అన్నది అసలు సరుకుగా మారింది మాత్రం 2001లో ఒడిస్సీ అనే కంపెనీ తెచ్చిన టూ బాల్ పట్టర్‌తో. తలకాయ వెనక బంతి సైజులో రెండు తెల్ల బిళ్లలు. అసలు బంతిని ముందు పెడితే మూడు బంతులు వరసగా కనిపిస్తాయి. ఆ ఊహకి మూలం డేవ్ పెల్జ్, ఒకప్పుడు నాసాలో పనిచేసిన మనిషి. ఆయన 1980లలో మూడు బంతుల పట్టర్ చేస్తే అమెరికాలో గోల్ఫ్ రూల్స్ పెట్టే యూఎస్‌జీఏ ఒప్పుకోలేదు. తలకాయ ఎడమ నుంచి కుడికి ఉన్న వెడల్పు కంటే ముందు నుంచి వెనక్కి ఉన్న లోతు తక్కువుండాలని రూలు. మూడు బంతులు వరసగా పెడితే ఆ రూలు తప్పుతుంది. ఒక బంతి తగ్గించాక దుకాణాలు ఊగిపోయాయి. అప్పటినుంచి గీతల పోటీ మొదలైంది. రెండు గీతలు, మూడు గీతలు, కోరలు, రెక్కలు, తెల్ల తల మీద నల్ల చార, నల్ల తల మీద తెల్ల చార.

ఇక నా ఫిర్యాదు. పట్టర్ మీద గీత సమస్యలో సులువైన సగాన్ని పరిష్కరిస్తుంది. అమ్మేటప్పుడు మాత్రం రెండో సగం కూడా తీరిపోయినట్టే అమ్ముతారు.

సులువైన సగం ఏమిటంటే పట్టర్‌నీ బంతినీ ఒక వరసలో పెట్టడం. దగ్గర దగ్గరగా ఉన్న రెండు గీతలు కలిశాయా లేదా అని పసిగట్టడంలో మన కన్ను మహా గట్టిది. వెర్నియర్ కాలిపర్స్ పనిచేసేదే ఆ గుణం మీద. ఇంటర్‌లో ఫిజిక్స్ ల్యాబ్‌లో వాటితో కుస్తీ పట్టినవాళ్లందరికీ గుర్తుండే ఉంటుంది. మంచి వెలుతురులో, స్పష్టమైన గీతలైతే, ఒకటిన్నర మీటరు దూరం నుంచి వెంట్రుక మందం కంటే తక్కువ తేడాని కూడా కన్ను పట్టేస్తుంది. నిలబడిన మనిషి కంటికీ కింద బంతికీ మధ్య దూరం ఇంచుమించు అంతే. కాబట్టి పట్టర్ గీత, బంతి మీద గీత కలిశాయో లేదో మనకి అద్భుతంగా తెలుస్తుంది. అందుకే కొత్త పట్టర్ పట్టుకోగానే "అబ్బ, ఎంత చక్కగా కుదిరిందో" అనిపిస్తుంది. నిజంగానే కుదిరింది. బంతితో.

గుంత బంతి దగ్గర లేదు కదా. ఎనిమిది అడుగుల అవతల, మనకి ఎడంపక్కన ఉంది. మనం తల వంచి, దాని దిక్కుకి తిప్పి, కంటి కొసతో కొలుస్తున్నాం. ఇది వెర్నియర్ పని కాదు. మేస్త్రి గోడకి దారం కట్టి, కొస దగ్గర గొంతుక్కూర్చుని, ఒక కన్ను మూసి దారం వెంట చూస్తాడు. వంకర ఇట్టే దొరుకుతుంది. అదే మేస్త్రిని దారం మధ్యలో పక్కకి నిలబెట్టి, తల కిందికి వంచి, "కొస వరకూ తిన్నగా ఉందా చెప్పు" అంటే మనల్ని ఎగాదిగా చూస్తాడు. పట్ కొట్టేటప్పుడు మన స్థితి ఆ రెండో రకం. కళ్లు సరిగ్గా గురి రేఖ పైన లేకుండా కాస్త లోపలికో బయటికో ఉంటే వంకర ఇంకా పెరుగుతుంది. ఆ వంకర ఒక్కొక్కరికి ఒక్కో పక్కకి. ఏది బలమైన కన్ను, మనిషి పొడుగెంత, నడుము ఎంత వంగుతుంది అన్నవన్నీ కలిసి నిర్ణయిస్తాయి.

నా సంగతి చెబితే అర్థమవుతుంది. ఆరేళ్లపాటు ఒక పాత బ్లేడ్‌తో ఆడాను. గొప్పగా కాదు గానీ, పరువు నిలిచేంతగా పట్లు పడేవి. తోటివాళ్లంతా మాలెట్లకి మారుతుంటే నాకూ దురద పుట్టింది. 2024 మార్చిలో అప్పటి ప్రపంచ నంబర్ వన్ స్కాటీ షెఫ్లర్ బ్లేడ్ వదిలి స్పైడర్ అనే మాలెట్ పట్టుకుని ఆ వారమే ఆర్నాల్డ్ పామర్ టోర్నమెంట్ గెలిచేశాడు. ఇంకేముంది, దురద కాస్తా జ్వరమైంది. ఇక్కడ ఒక దుకాణానికి వెళ్లి మూడు గీతల మాలెట్ కొన్నాను. ఆ దుకాణం పేరు చెప్పను. పరీక్ష పేరుతో అక్కడి కుర్రాడు నా చేత ఆరు పట్లు కొట్టించాడు. నాలుగు పడ్డాయి. "యూ ఆర్ సెట్" అన్నాడు.

సెట్ ఏమీ కాలేదు. పపాగో గ్రౌండ్‌లో ఆ నెలంతా నాలుగడుగుల పట్లు కూడా ఎడమకి పోయాయి. కుడికి పోతే అర్థం చేసుకునేవాణ్ణి. ఎప్పుడూ ఎడమకే. మళ్లీ దుకాణానికి వెళితే ఈసారి ఇంకో ఆకారం చేతిలో పెట్టారు. అలా డబ్బా నిండింది.

చివరికి చెయ్యాల్సిన పని చేశాను, కొలిచాను. ఇది ఎవరైనా ఇంట్లో చేసుకోవచ్చు. పట్టర్ ముఖానికి చిన్న అద్దం ముక్క సమంగా అంటించాలి. ఎనిమిది అడుగుల దూరంలో గుంత ఉండాల్సిన చోట లేజర్ పాయింటర్‌ని పట్టర్ వైపు తిప్పి పెట్టి, దాని వెనక తెల్ల అట్ట నిలబెట్టాలి. లేజర్ ఆపి ఉంచి, బంతి పెట్టుకుని, ఎప్పటిలాగే గురి చూసుకుని, కదలకుండా నిలబడాలి. అప్పుడు ఇంకొకరు బంతి తీసేసి లేజర్ వెయ్యాలి. ముఖం నిజంగా ఎటు చూస్తోందో అద్దంలో తగిలి వెనక్కొచ్చిన ఎర్రచుక్క చెప్పేస్తుంది. అద్దం కోణాన్ని రెట్టింపు చేస్తుంది కాబట్టి ఒక డిగ్రీ తప్పు అట్ట మీద 3.35 అంగుళాలై కనబడుతుంది. బంతి తీసే ఉద్యోగం మా పెద్దమ్మాయిది. పది తీతలకి ఒక డాలరు.

మూడు గీతల మాలెట్‌తో చుక్క దాదాపు లేజర్ పక్కనే పడింది. ఇరవై సార్లలో ఎక్కువసార్లు అంగుళం లోపే. అంటే నేను తిట్టుకున్న పట్టర్ చెప్పిన పని చెప్పినట్టు చేస్తోంది! పాత బ్లేడ్ తీశాను. చుక్క ఐదంగుళాలు కుడికి పడింది. మళ్లీ చేశాను. మళ్లీ కుడికే. అంటే ఇంచుమించు డిగ్రీన్నర. ఆ గురితో తిన్నగా కొడితే ఎనిమిది అడుగుల పట్ రెండున్నర అంగుళాలు కుడికి పోవాలి, గుంత బయటికి. మరి ఆరేళ్లు ఎలా పడ్డాయి?

నా చేతులు నాకు తెలియకుండా సర్దుకున్నాయి కాబట్టి. కుడికి గురి పెట్టి, కొట్టే క్షణంలో ముఖాన్ని డిగ్రీన్నర ఎడమకి లాగేవాణ్ణి. రెండు తప్పులు కలిసి ఒక ఒప్పు. చక్రం కాస్త వంకర తిరిగిన సైకిల్‌ని ఏళ్ల తరబడి తొక్కినవాడికి హ్యాండిల్ ఎంత తిప్పి పట్టుకోవాలో చేతికే తెలుస్తుంది. ఆ సైకిల్ బాగుచేసి ఇస్తే మొదటి రోజే కాలవలో పడతాడు. కొత్త మాలెట్ నా గురి సరిచేసింది. చేతులకి ఆ కబురు అందలేదు. అవి పాత అలవాటు ప్రకారం ఎడమకి లాగుతూనే ఉన్నాయి.

నన్ను ఇప్పటికీ మండించే విషయం ఇది. గురి సాయం బాగా పనిచేసిన రోజే ఆటగాడి ఆట పాడవుతుంది. వాడు పట్టర్‌ని తిట్టి ఇంకోటి కొంటాడు. ఎవరి గురి ఎటు పోతోందో అద్దంతో రెండు నిమిషాల్లో కొలిచి, "అన్నా, ఇది నీ గురి సరిచేస్తుంది, కానీ మూడు నెలలు నీ చేతులు నీ మాట వినవు" అని చెప్పేవాడు దుకాణంలో ఉంటే నేను రెండు పట్టర్లతో ఆగేవాణ్ణి. కళ్లద్దాల షాపులో ఎవరూ ఫ్రేము చూసి పవర్ నిర్ణయించరు. పట్టర్ దుకాణంలో మాత్రం ఫ్రేమే అమ్ముతారు.

న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి. పొడుగు గీత వెనక లెక్క సరైనదే. ఒక డిగ్రీ వంకర అంగుళం పొడుగు గీత మీద అర మిల్లీమీటరు కూడా ఉండదు. నాలుగంగుళాల గీత మీద 1.75 మిల్లీమీటర్లకి పైన. పెద్ద గీత మీద తప్పు పెద్దగా కనిపిస్తుంది. మాలెట్ లోతుగా ఉండటం వల్ల అంత గీతకి చోటు దొరుకుతుంది. దీని మీద నాకు గొడవ లేదు. అయితే మాలెట్‌కి మారి బాగుపడినవాళ్లంతా గీత వల్లే బాగుపడ్డారనడం మాత్రం చెల్లదు. మాలెట్‌లో బరువు అంచులకి పోయి, పక్కన తగిలినా ముఖం తక్కువ తిరుగుతుంది. షెఫ్లర్‌కి కలిసొచ్చింది గీతా, బరువా, కొత్త వస్తువు ఇచ్చిన ధైర్యమా? ఆ మూడూ ఒకే తలకాయలో ఉన్నప్పుడు విడదీసి చెప్పడం బయటివాళ్ల వల్ల కాదు. ప్రకటన రాసేవాడు మాత్రం గీత అనే రాస్తాడు, ఫొటోలో కనబడేది అదే కాబట్టి.

రెండో ప్రయోగం ఇంకా ఆసక్తిగా తేలింది. మూడు గీతల్లో రెండింటి మీద నల్ల టేపు అంటించాను. ఒక్క నడిమి గీతే మిగిలింది. లేజర్ చుక్క ఎక్కడ పడింది? అంతకుముందు పడ్డచోటే. మిగతా రెండు గీతలు నా గురికి చేసిన మేలు సున్నా. పైగా తేడా ఇంకోచోట తెలిసింది. మూడు గీతలున్నప్పుడు నేను వాటినే చూస్తూ ఉండిపోయేవాణ్ణి, ఇది కలిసిందా, అది కలిసిందా అని. ఎంత దూరం దొర్లించాలన్న అంచనా ఆవిరైపోయేది. పట్ తిన్నగా వెళ్లి మూడడుగుల ముందు ఆగిపోయేది. ఒక్క గీత మిగిలాక చూపు దాని మీద ఒక క్షణం ఆగి గుంత వైపు పోతోంది.

తెనాలిలో మా అమ్మ ముగ్గు వేయడం చిన్నప్పుడు గంటలకొద్దీ చూశాను. ముందు చుక్కలు పెట్టేది. పొడుగు గీత లాగేటప్పుడు వేళ్ల మధ్య జారే పిండిని చూసేది కాదు, గీత చేరాల్సిన చుక్కని చూసేది. చేయి దానంతటదే అక్కడికి పోయేది. మా చెల్లి పిండినే చూస్తూ లాగేది, గీత పాములా వచ్చేది. గోళీలాటలో కూడా అంతే. వేలు వంచి గోళీ విసిరేవాడు తన వేలు వైపు చూస్తాడా? అమెరికన్ గోల్ఫర్ జోర్డాన్ స్పీత్ కొన్నేళ్లపాటు పొట్టి పట్లు బంతి వైపు చూడకుండా గుంత వైపు చూస్తూ కొట్టాడు. అందరూ వింతగా చూశారు. గోళీలాడినవాడికి వింత కాదు. అలాగని బంతి మీద చూపు నిలపడం తప్పని అనను. కాల్గరీ యూనివర్సిటీలో జోన్ వికర్స్ 1992లో చేసిన పరిశోధనలో పట్లు బాగా కొట్టేవాళ్ల చూపు బంతి మీద నిలకడగా, ఎక్కువసేపు ఉంటుందని తేలింది. నిలకడ ఆ మాటలో ముఖ్యం. మూడు గీతల మధ్య గెంతే చూపు నిలకడైన చూపు కాదు.

టైగర్ వుడ్స్ గెలిచిన పదిహేను మేజర్లలో, అంటే గోల్ఫ్‌లో అన్నిటికన్నా పెద్ద టోర్నమెంట్లలో, పద్నాలుగు ఒకే న్యూపోర్ట్ 2 బ్లేడ్‌తో గెలిచాడు. దాని పైఅంచు మీద గురికి ఉన్నది ఒక చుక్క. చుక్క దిక్కు చెప్పదు, బంతిని ఎక్కడ తగిలించాలో చెబుతుంది. దిక్కు కోసం ఆయన కన్ను బ్లేడ్ అంచుని వాడుకుంటుందని నా ఊహ. గుంత వైపు పోయే రేఖని చూసి తిన్నదనం పట్టేవాళ్లు కొందరు, దానికి అడ్డంగా ఉన్న అంచుని చూసి పట్టేవాళ్లు కొందరు. నేను మొదటి రకం అని లేజర్ చెప్పింది. ఎవరు ఏ రకమో ముఖం చూసి చెప్పలేం. అందుకే డిజైన్ చేసేవాళ్లని నేను అడిగేది ఒకటే: తలకాయని నున్నగా, ఖాళీగా ఇవ్వండి. పైన అమర్చుకోవడానికి గీత పలక ఒకటి, చుక్క పలక ఒకటి, ఏమీ లేని పలక ఒకటి ఇవ్వండి. దాంతోపాటు ముఖానికి అంటించే అద్దం ముక్క కూడా. అద్దం ఖరీదు ఎంతని?

నా చేతులు దారికి రావడానికి మూడు నెలలు కాదు, ఐదు నెలలు పట్టింది. రోజూ రాత్రి అన్నం తిన్నాక హాల్లో కార్పెట్ మీద, రెండు పుస్తకాల మధ్య నుంచి బంతి పోనిస్తూ. ఇప్పుడు డబ్బాలోంచి బయటికొచ్చేది టేపు వేసిన మాలెట్ ఒక్కటే. మిగతావి అమ్మకానికి పెడదామనుకున్నాను.

ఈలోగా పెద్దమ్మాయికి ఆట మీద మోజు పుట్టింది. కాలిఫోర్నియాలో పుట్టిన మన తెలుగు కుర్రాడు సాహిత్ తీగల 2023లో పీజీఏ టూర్‌లో గెలిచినప్పటినుంచి ఇక్కడ తెలుగు ఇళ్లలో ఈ మోజు కొంచెం పెరిగింది. పోయిన వారం తనని గ్యారేజీలో నిలబెట్టి నా ఒంటిగీత మాలెట్ ఇచ్చాను. నాకు అంత బాగా కుదిరింది కదా అని. ఈసారి బంతి తీసింది నేను. చుక్క ఏడంగుళాలు కుడికి పడింది. గీత మీద కూడా టేపు వేసి ఇచ్చాను, నాలుగంగుళాలు. డబ్బా అడుగున ఉన్న నా పాత బ్లేడ్ తీసి ఇచ్చాను, నన్ను ఆరేళ్లు డిగ్రీన్నర కుడికి తిప్పిన బ్లేడ్. చుక్క లేజర్ మీదే పడింది. నాలుగుసార్లు మళ్లీ చేయించాను, అక్కడక్కడే.

"నాన్నా, నువ్వు బంతి ఏడుసార్లు తీశావు. డెబ్బై సెంట్లు" అంది.